రింగుకు కట్టిన గాలం

జాబితాలో పదిహేడో పేరు చదివి తీతు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. మడతపెడితే మాత్రం పేరు పోతుందా? "సదానందం, తండ్రి సదయ్య, రామగిరి మండలం. సముద్రంలో పనిచేసిన అనుభవం మూడేళ్లు" అని కంప్యూటర్ అక్షరాల్లో నల్లగా, శుభ్రంగా ఉంది.

గోదావరిఖని చౌరస్తా పక్కన ఉపేందర్ టీ కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు తీతు. నలభై ఏడేళ్లు. తొమ్మిదో తరగతితో చదువు ఆపేశాడు. పదకొండేళ్లు గల్ఫులో, సముద్రం నడిమధ్య గ్యాసు తీసే ఇనుప ప్లాట్‌ఫారం మీద రంగులు వేశాడు. అక్కడి పని ఊడి ఇంటికొచ్చి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో చేసిన పని ఏమిటంటే ఈ బెంచీని అరగదీయడమే.

ఇన్నాళ్లకు ఓ దారి దొరికింది. మంచిర్యాల ఏజెంటు జగదీశ్వర్, కాకినాడ అవతల సముద్రంలోని ప్లాట్‌ఫారానికి రంగులు వేయడానికి ఇరవై మందిని తీసుకుంటున్నాడు. తీతును మేస్త్రీగా పెట్టుకున్నాడు. సోమవారం పొద్దున ఫంక్షన్ హాల్లో మనుషుల్ని ఎంచుకోవడం. పక్కన కూర్చుని ఎవరికి పని తెలుసో, ఎవరు తెలిసినట్టు నటిస్తున్నారో చెప్పడం తీతు వంతు. జాబితా ముందే చూసి పెట్టుకోమని ఇచ్చాడు.

"ఏందన్నా, కాయిదం జూసి గట్ల మొకం మాడ్సుకున్నవ్? నీ పేరే ఎగిరిపోయిందా?" అన్నాడు ఉపేందర్ గ్లాసులు కడుగుతూ. అతని పేరు కూడా జాబితాలో ఉంది. రంగులు వేయడం తెలుసు, ఈత రాదు.

"నీ పేరు సూసే మాడింది. నువ్వు మునుగుతె తియ్యాల్సింది నేనే గద."

"నన్ను తీసుడు సంగతి తర్వాత. గాలం ముచ్చట చెప్పరాదు. ఏ కాలంల ఏ చాప పడ్తదో చెప్తివి సూడు మొన్న, కాక ఇనలేదట."

పక్కనున్న రిటైరైన ముసలాయన చెవి ముందుకు పెట్టాడు. వేరే రోజైతే తీతుకు చెప్పించుకోవడం కూడా అక్కర్లేదు. బొగ్గు గడ్డలో పుట్టి ఉప్పునీళ్ల కథలు చెప్పేవాడు ఊరు మొత్తానికి తనొక్కడే. చలికాలంలో గాలి ఆగిన రెండోరోజున వంజరం పైకొస్తుందనీ, ఎండాకాలంలో చేపంతా ప్లాట్‌ఫారం నీడలో అడుగున దాక్కుంటుందనీ చెబుతుంటే జనం టీ చల్లారబెట్టుకుని వినేవాళ్లు. "సముద్రం తీతు" అని పేరు కూడా పెట్టారు.

"తలకాయ నొస్తున్నది, తర్వాత," అని లేచాడు.

చెప్పేవన్నీ సదానందం మాటలే. ఒక్కటి కూడా తన సొంతం కాదు.

*

సదానందం అతనికంటే ఆరేళ్లు చిన్న. ఇద్దరి తండ్రులూ, జాన్ ప్రసాద్, సదయ్య, పాత బొగ్గు బాయిలో ఒకే గ్యాంగు. తట్టా, చెమ్మస్ అనే పార పట్టి టబ్బుల్లోకి బొగ్గు ఎత్తినవాళ్లు. ఒకరింటి కూర ఇంకొకరింట్లో తిన్నవాళ్లు. ఆ చుట్టరికంతోనే తీతు తన కంపెనీలో మాట్లాడి సదానందాన్ని ప్లాట్‌ఫారం మీదికి పిలిపించుకున్నాడు. అప్పటిదాకా సదానందం సముద్రాన్ని ఫొటోలో కూడా సరిగ్గా చూసిన మనిషి కాదు.

నాలుగు ఇనుప కాళ్ల మీద నిలబడిన మూడంతస్తుల ఇల్లు అనుకుంటే ప్లాట్‌ఫారం అర్థమవుతుంది. చుట్టూ ఎటు చూసినా నీళ్లే. నీళ్లలో ఉన్న ఆ కాళ్లకు ఏళ్ల తరబడి గుల్లలు, నాచు పట్టి, వాటిని కొరకడానికి చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు చేరతాయి. అన్నిటికంటే కింద, పడవ ఆగే ఇనుప మెట్టు ఉంది. పని లేని శుక్రవారాల్లో మనుషులు అక్కడ దిగి చేతిగాలం వేసుకుంటుంటే పైవాళ్లు చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లు.

మొదటి నెలలోనే సదానందం అందర్నీ మించిపోయాడు. దారాన్ని చూపుడువేలు మీద వేసుకుని కళ్లు మూసుకునేవాడు.

"నిద్రవొస్తున్నదా తమ్మీ?" అంటే నవ్వేవాడు.

"మా నాయిన బాయిల కప్పును కర్రతోటి తట్టి చూసేటోడన్నా. గుల్లగ మోగితే పక్కకు జరగాలె. చెవుతోని గాదు, చెయ్యితోని ఇనాలె అనేటోడు. గిదీ గంతే. రాయికి తాకితే ఒక తీరు, గుల్లకు తాకితే ఒక తీరు, చాప మూతి వెడ్తె ఇంకో తీరు."

అట్లా మూడేళ్లు వేలితో విని సముద్రం లెక్కంతా పట్టేశాడు. చలికాలంలో ఉత్తరపు గాలి మూడు రోజులు కొడుతుంది. అలలు మెట్టు మీదికి ఎక్కుతాయి, ఎవరూ దిగకూడదు. గాలి ఆగిన మర్నాడు నీళ్లు బురద. ఆ మర్నాడు కవళ్లనే చిన్న చేపలు గుంపుగా పైకొస్తాయి, వాటి వెనక కత్తులు విసిరినట్టు వంజరాలు. ఫిబ్రవరి దాటి నీళ్లు పచ్చబడితే పైన ఏమీ ఉండదు. అప్పుడు గాలాన్ని కాలు పక్కనే, గుల్లలకు జానెడు దూరంలో దింపాలి. బండరాయిలా కదలకుండా కూర్చునే హమూర్ చేప అక్కడుంటుంది. జూన్ నుంచి నీళ్లు స్నానానికి కాచినట్టుంటాయి. చేప ప్లాట్‌ఫారం నీడతో పాటు జరుగుతుంది. పొద్దున పడమటి కాళ్ల దగ్గర, సాయంత్రం తూర్పు కాళ్ల దగ్గర. అదీ తెల్లవారుజామున ఓ గంట మాత్రమే నోరు తెరుస్తుంది. అక్టోబరులో నీళ్లు చల్లబడ్డాక మళ్లీ మొదలు.

ఒక్క విషయంలో మాత్రం సదానందం గట్టిగా ఉండేవాడు. "గాలం చేతిల ఉండాలె అన్నా. దేనికన్న కట్టి పోవద్దు. పెద్దది పడితే ఏది గుంజుకపోతదో తెల్వదు."

తీతు దాన్ని ముసలమ్మ చాదస్తం కింద కొట్టేసేవాడు.

ఆరేళ్ల కిందటి జనవరి అది. గాలి ఆగిన రెండోరోజు శుక్రవారం పడింది. సదానందానికి ఆ పూట డ్యూటీ ఉంది, పైన రంగులు వేస్తున్నాడు. తీతు ఒక్కడే కింద మెట్టు మీద ఉన్నాడు. వంజరాలు నీటి పైన తళుక్కుమంటున్నాయి గానీ ఎర ముట్టడం లేదు. పైన అన్నాల గంట మోగింది. శుక్రవారం బిర్యానీ. వెనక పోతే బొక్కలే మిగులుతాయి. దారం చుట్టి పైకి పోవడానికి బద్ధకమేసింది. పక్కన కమ్మీకి నారింజరంగు రబ్బరు రింగు తగిలించి ఉంది, మనిషి నీళ్లలో పడితే విసరడానికి. తీతు దారాన్ని ఆ రింగు తాడుకు రెండు ముళ్లు వేసి కట్టి అన్నానికి పోయాడు.

చేప పడింది. ఎంత పెద్దదో ఎవరికీ తెలియదు. రింగును కమ్మీ నుంచి పీక్కుని, తాడుతో సహా కాలు చుట్టూ తిప్పి, గుల్లల్లో చిక్కేసి, దారం తెంపుకుని పోయింది. బిర్యానీ పళ్లేలు కడగకముందే సైరన్ మోగింది. మనిషి నీళ్లలో పడ్డాడనుకుని చేసే డ్రిల్లు. రింగు కోసం కిందికి పరుగెత్తినవాడు ఖాళీ కమ్మీ చూసి కేక పెట్టాడు. నిజంగానే ఎవరైనా పడి ఉంటే?

గాలాలు వేసేది ఎవరో అందరికీ తెలుసు. ఇద్దర్నీ పిలిచారు. సేఫ్టీ ఆఫీసరు ఫిలిప్పీన్స్ మనిషి, పొట్టిగా, మెత్తగా ఉంటాడు, ఎప్పుడూ గొంతు పెంచడు. సదానందానికి ఇంగ్లీషు రాదు. తీతు మిషన్ బడిలో తొమ్మిదిదాకా చదివినవాడు, ఆపైన ఇన్నేళ్లు అక్కడే ఉన్నవాడు. ఆఫీసరు అతని వైపు తిరిగి చెప్పాడు: ఎవరు కట్టారో వాళ్లు రాసి సంతకం పెట్టాలి. ప్రాణాలు కాపాడే సామాను విషయం కాబట్టి వార్నింగ్ ఉండదు. సంతకం పెట్టినవాడు రేపటి పడవలో ఇంటికి పోతాడు. నీ స్నేహితుడికి విడమర్చి చెప్పు, ఏం సంతకం పెడుతున్నాడో అతనికి తెలియాలి.

తీతుకు ప్రతి ముక్కా అర్థమైంది.

బాయి మీద బతికిన కుటుంబాల్లో ఒక అలవాటు ఉండేది. గ్యాంగులో ఎవడి వల్లనో టబ్బు పట్టాలు తప్పినా, ఇంకేదైనా పొరపాటు జరిగినా, చేసినవాడి మీద ముందే చార్జిషీటు ఉంటే వాడు నోరు మెదపడు. రికార్డు సాఫ్‌గా ఉన్నవాడు ముందుకొచ్చి "నేనే చేసిన, తప్పయింది, మాఫ్ చెయ్యండి" అని రాసిచ్చేస్తాడు. మొదటిసారి కాబట్టి యూనియన్ లీడర్ పోయి మాట్లాడితే వార్నింగ్‌తో పోతుంది. సదయ్య మాత్రం తన రికార్డు చెడినా లెక్కచేయక అట్లా మూడుసార్లు వేలిముద్ర వేశాడు. అందులో ఒకటి జాన్ ప్రసాద్ కోసం. ఆ ముచ్చట రెండిళ్లలోనూ పిల్లలందరికీ తెలుసు.

తీతు మీద అప్పటికే ఒక వార్నింగ్ ఉంది, కాపలా డ్యూటీలో కునుకు తీసినందుకు. సదానందం వైపు తిరిగాడు.

"సదా, ఎవలో ఒకలు రాసియ్యాల్నంటున్నడు. నా మీద ముందుగాల్నే ఒకటున్నది. నీది సాఫ్. మన బాయిల లెక్కనే, మొదటిసారి గాబట్టి వార్నింగ్ ఇచ్చి ఇడిసిపెడ్తడట."

సదానందం ఆఫీసరు మొహం చూశాడు, తీతు మొహం చూశాడు. "గట్లన్నడా?"

"గట్లనే అన్నడు."

సదానందం పెన్ను తీసుకున్నాడు. తెలుగులో, గుండ్రంగా రాశాడు. గాలం నాదే. రింగుకు నేనే కట్టిన. తప్పయింది, మాఫ్ చెయ్యండి. సదానందం, సదయ్య కొడుకు. తండ్రి పేరు ఎవరూ రాయమనలేదు.

మర్నాడు పడవ ఎక్కుతున్నప్పుడు కూడా, ఒడ్డున పెద్దాఫీసుకు తీసుకుపోయి వార్నింగ్ కాగితం ఇస్తారనుకున్నాడు. "ఆరేసిన బట్టలు తీసి లోపటేయన్నా, పొద్దుగూకే వరకు వస్త," అన్నాడు. సాయంత్రం విమానాశ్రయం నుంచి ఎవరి ఫోనో అడుక్కుని చేశాడు. "ఈళ్లది మన బాయి లెక్క గాదట అన్నా. సీదా ఇంటికే అంటున్నరు. నువ్వు ఫికర్ జెయ్యకు. నీకు మాత్రం ఏమెరుక."

తీతు ఫోను పెట్టేసి పోయి బట్టలు తీశాడు. రెండు లుంగీలు, ఒక బనీను, ఉప్పు గాలికి అట్టలు కట్టి ఉన్నాయి. ఆ చలికాలం సదానందం వదిలిపోయిన దారంతో తన జన్మలో పట్టనంత పెద్ద వంజరం పట్టాడు. అందరూ ఫొటోలు తీశారు. ఆ ఫొటో ఇప్పటికీ ఇంట్లో టీవీ పక్కన ఉంది.

*

ఆదివారం చర్చి నుంచి వచ్చి చొక్కా విప్పుతుండగా మార్కండేయ కాలనీలోని అద్దె ఇంటి ముందు ఆటో ఆగింది. సన్నగా వాన. ముందు సారవ్వ దిగింది, సదానందం తల్లి. ఆమె వెనక గొడుగు పట్టుకుని సదానందం. నలభై ఒక్కేళ్లకే తల నెరిసింది. బొగ్గు లారీల మీద పరదాలు కప్పే కాంట్రాక్టు పని చేస్తున్నాడని తీతు విన్నాడు. వినడమే. ఆ వైపు ఎప్పుడూ పోలేదు. ఆ వైపే ఉన్న సెంటినరీ కాలనీలో దగ్గరి చుట్టాల పెళ్లి జరిగితే జ్వరమని పడుకున్నాడు.

"ఆరేండ్లాయె! సచ్చిన్నా బతికిన్నా అని గూడ తొంగిసూడకపోతివి," అంది సారవ్వ గడపలోనే. "మీ నాయినుంటె నిన్ను చెప్పుతోని కొట్టేటోడు."

"పనిల పడి రాలేదవ్వా."

"ఏం పని? చౌరస్తాల టీ తాగుడేనట గద!"

తీతు భార్య సుగుణమణి లోపల్నుంచి నవ్వుతూ వచ్చింది. ప్రైవేటు బడిలో టీచరు ఆమె. ఇల్లు నడుస్తున్నది ఆమె జీతం మీదే. సారవ్వను చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టి టీ పెట్టింది. ముసలామె టీ చప్పరిస్తూ ఆ ముచ్చట ఎత్తనే ఎత్తింది.

"నీ పెనిమిటి ఆడ మంచికే చెప్పిండు బిడ్డా. గాలం మీదేసుకొని రాసియ్యుమన్నడు. మన బాయిల ఉన్న రివాజే గద. మా ఆయన మూడుమాట్ల రాసియ్యలేదా? మీ మామ కోసం రాసిచ్చిన నాడు ఇంటికొచ్చి, రేపు నా కొడుకైనా గంతే జేస్తడే అన్నడు. నాకు దెలవక నేను తిట్టిన. తీరా సూస్తె గట్లనే జేసిండు." ఆమె గొంతులో బాధ కంటే గొప్పే ఎక్కువ ఉంది. "ఆ దేశమోళ్లకు దయ లేదు, మీరేం జేస్తరు?"

"ఆ గాలం ఎవరిదవ్వా?" అంది సుగుణమణి. ఆమెకు ఈ కథ తెలియదు. సదానందం ఏదో తప్పు చేసి వచ్చాడని మాత్రం తీతు ఎప్పుడో చెప్పాడు.

"ఎవలదైతే ఏందక్కా," అని సదానందం లేచాడు. "అన్నా, జెర బయటికి రా."

వసారాలో నిలబడ్డారు. సదానందం గొంతు తగ్గించాడు. "రేపు ఆడ అడుగుతరు. పాత కంపెనీ కాయిదం వాళ్ల కంప్యూటర్ల ఉంటదట. అడిగితే నేను తప్పయిందంట. నీ పేరు ఎత్తనే ఎత్త. నువ్వు మేస్త్రీవి, నీ నౌకరికి ఏం గావద్దు. పని తెల్సినోడు, మంచోడు అని ఒక్క మాట చెప్పు సాలు. పరదాలు కప్పుడు ఇగ నాతోని అయితలేదన్నా. మోకాళ్లు పోయినయ్."

"చెప్త, సదా."

"గంతే. వేరే ఏం లేదు."

వాళ్లు పోయాక సుగుణమణి టీ గ్లాసులు తీస్తూ అంది, "ఆయన నిన్నే చూస్తుంటే నువ్వు గోడను చూసుకుంట కూసున్నవేంది?"

"వాన శబ్దానికి సరిగ్గ ఇనవడలే."

"కండ్లకు వానేంది?" అని లోపలికి పోయింది.

రోజంతా తీతు ఒకటే లెక్క వేశాడు. మంచోడని ఒక్క మాట చెబితే సరిపోతుంది. వాడే అడిగింది అంతే గదా. అంతకంటే ఎక్కువ చెప్పమని వాడే అనలేదు. తన వయసుకు ఇంకో మేస్త్రీ పని దొరుకుతుందా? దొరకదు. ప్రతిదానికీ ఒక జవాబు దొరికింది. అన్నం పళ్లెం మాత్రం సగంలోనే పక్కకు నెట్టేశాడు.

*

ఫంక్షన్ హాల్లో ముందు రోజు పెళ్లి పూలు ఇంకా ఊడ్చలేదు. వేదిక కింద టేబుల్ వేసుకుని జగదీశ్వర్ లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పక్క కుర్చీలో తీతు, ఇస్త్రీ చొక్కాతో. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీల్లో అరవై మంది. వెనక గోడ దగ్గర సారవ్వ, కొడుకును ఒంటరిగా పంపడం ఇష్టం లేక తానూ వచ్చింది.

ఉపేందర్‌ను పిలిచినప్పుడు నవ్వులే నవ్వులు. "ఈత రాదు సార్, కని నేను నీళ్లల్ల దిగితే గద మునిగేది," అన్నాడు. జగదీశ్వర్ కూడా నవ్వి, ఈత నేర్చుకుని రమ్మని పక్కన పెట్టాడు.

పదిహేడో పేరు వచ్చింది. సదానందం లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

జగదీశ్వర్ తెర మీదికి వంగి చదివాడు. మొహం మారింది. "రింగుకు గాలం కట్టి ఇంటికొచ్చినోడివి నువ్వేనా?"

"అవు సార్."

"నువ్వే కట్టినవా?"

సదానందం తీతు వైపు చూడలేదు. చూస్తే ఎక్కడ తెలిసిపోతుందోనని కాబోలు, నేల వైపే చూశాడు. "నేనే సార్. తప్పయింది."

"తప్పయిందా? మనిషి నీళ్లల్ల పడ్డడనుకో, ఏం ఇసురుతవ్? నీ గాలం ఇసురుతవా?" హాలు గొల్లుమంది. "చాప కోసం మనిషిని సంపేటోన్ని నా ఇరవై మందిల ఎట్ల కలుపుకుంట? చెప్పు!" తర్వాత తీతు వైపు తిరిగాడు. "అన్నా, మీరిద్దరు ఒక్క జాగల్నే పని చేసినరు గద. ఏమంటవ్?"

ఇక్కడే చెప్పాలి, పని తెల్సినోడు, మంచోడు అని. మాట నాలుక చివరే ఉంది. సదానందం నెరిసిన తల వంచుకుని ఉన్నాడు. అరవై మంది నవ్వుతున్నారు. అదే తల ఆరేళ్ల కింద కాగితం మీదికి వంగి ఉండగా తీతు చూశాడు.

"గాలం నాది," అన్నాడు.

"ఏంది?"

"గాలం నాది సార్. రింగుకు కట్టింది నేను. ఆయన ఆ పూట పైన డ్యూటీల ఉన్నడు. నా మీద అప్పటికే ఒక వార్నింగ్ ఉండె. నా తరఫున రాసిచ్చిండు."

నవ్వు ఆగిపోయింది. సదానందం తలెత్తి "అన్నా" అన్నాడు, వద్దన్నట్టు.

జగదీశ్వర్ కాసేపు పెన్ను టేబుల్‌కేసి కొట్టాడు. "కట్టింది నువ్వు, ఇంటికి పోయింది ఆయన. మొన్న నా ఇంట్లకొచ్చి సేఫ్టీ గురించి గంటసేపు చెప్తివి గద అన్నా." జాబితా మొదటి పేజీ తీసి పైనున్న మేస్త్రీ పేరు కొట్టేశాడు. "నీకు నేను మనుషులను అప్పజెప్పలేను. ఏమనుకోకు." తర్వాత సదానందాన్ని నాలుగు ప్రశ్నలు అడిగాడు. తుప్పు ఎట్లా గీకాలి, గాలి ఎక్కువైతే ఎప్పుడు పని ఆపాలి. సదానందం తడుముకోకుండా చెప్పాడు. "పదిహేడు, ఓకే," అన్నాడు జగదీశ్వర్.

ఎవరో చప్పట్లు కొట్టారు. ఉపేందర్ లేచి నిలబడి అరిచాడు. "అన్నంటె గీయన! నౌకరి పోతదని ఎరుకుండి నిజం చెప్పిండు." అరవై మందీ కొట్టారు. తీతు కుర్చీలోంచి లేచి, ఆ చప్పట్ల మధ్య నుంచి, దొంగతనం చేసి దొరికిన మనిషిలా బయటికి నడిచాడు.

చేతులు కడుక్కునే నల్లాల దగ్గర మొహం మీద నీళ్లు చల్లుకుంటుంటే సదానందం పరుగెత్తుకుంటూ వచ్చి రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్లనిండా నీళ్లు.

"ఎందుకు చెప్పినవన్నా? నేను పోకున్నా ఏం గాకపోవు. నా కోసం నీ నౌకరి పోగొట్టుకున్నవ్. నాయినలు సూస్తె ఎంత సంబురపడుదురో!"

తీతుకు ఆ చేతులు విడిపించుకోవాలనిపించింది. ఈ మనిషి ఇప్పుడు జీవితాంతం తనను నెత్తిన పెట్టుకుని మోస్తాడు. తల్లితో కలిసి, ఊళ్లో వాళ్లకు చెప్పుకుంటూ మోస్తాడు. రింగుకు గాలం కట్టడం బద్ధకం. దాన్ని ఒప్పుకోవడానికే ఇన్ని చప్పట్లా?

"ఆ ఆఫీసర్ గట్ల అనలే, సదా."

"ఏ ఆఫీసర్?"

"ఆడున్న సేఫ్టీ ఆఫీసర్. వార్నింగ్ ఇస్తమని అనలే. సంతకం పెట్టినోడు తెల్లారి పడవకు ఇంటికి పోవుడే అన్నడు. నీకు మంచిగ ఇడమర్సి చెప్పుమన్నడు గూడ."

సదానందం చేతులు అట్లాగే ఉన్నాయి. "నీకు ఆయన ఇంగ్లీషు సమజ్ గాలేదేమో అన్నా. వాళ్లది వేరే తీరుంటది."

తీతు ఆ మాట పట్టుకుని బయటపడొచ్చు. సదానందమే తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యింది. మొత్తం సమజైంది."

చేతులు జారాయి. సదానందం తిరిగి, కారుతున్న నల్లాను కట్టేశాడు. మళ్లీ విప్పాడు, మళ్లీ కట్టాడు.

"నేను అడిగిన గద," అన్నాడు చివరికి. "గట్లన్నడా అని అడిగిన."

"అడిగినవ్."

"నీకు పిల్లలు చిన్నగుండిరి. నాకింకా పెండ్లి గూడ గాలే. సదా, సంతకం పెడితే ఇంటికి పోతవ్, నా కోసం పెడ్తవా అని అడిగితే ఏమందునో. పెడుదునో, పెట్టకపోదునో. కని అడుగాలె గద." అతని గొంతు ఎక్కడా పెరగలేదు. "మా నాయిన మూడుమాట్ల ఎరుకుండి రాసిచ్చిండు. ఏమైనా గానీ అనుకొనే ఏలు పెట్టిండు. నన్ను ఎర్రోన్ని జేసి రాయించినవ్."

తీతుకు క్షమించు అనే మాట నోట్లోకి వచ్చింది గానీ, అది కూడా ఇంకొక సంతకం అడిగినట్టే అనిపించి మింగేశాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. సారవ్వ గోడ పట్టుకుని దిగుతోంది.

"అవ్వకు చెప్పకు," అన్నాడు సదానందం, తీతు వైపు చూడకుండా. "నీ కోసం గాదు. కొడుకు తండ్రి లెక్క జేసిండని ఆమె అందరికి చెప్పుకుంటున్నది. అది ఆమెకు ఉండనీ."

ముసలామె రొప్పుతూ వచ్చింది. "ఏంరా, ఈడ దాసుకున్నరు? లోపట అందరు మీ ముచ్చటనే! తీతూ, గిట్ల రా బిడ్డా."

"అవ్వా, వద్దు..."

"ఏం వద్దు? జాన్ ప్రసాద్ కొడుకువనిపించినవ్. వంగు, నాకు అందుతలేవు."

తీతు సదానందం వైపు చూశాడు. అతను జేబులోంచి ఫోను తీసి, లేని మెసేజ్ ఏదో చూసుకుంటున్నాడు.

"వంగు మల్ల!"

వంగాడు. బొగ్గు పొయ్యిల ముందు గట్టిపడిన ఆమె అరచేతులు అతని చెంపల మీదుగా దిగి, ఆమె కణతల దగ్గరికి పోయాయి, మెటికలు పటపట విరిగాయి. అన్ని మెటికలూ విరిగాయని, దిష్టి చాలా ఉందని ఆమె మురిసిపోయింది. అట్లాగే వంగి ఉండిపోయాడు తీతు. లేస్తే ఆమె మొహం చూడాలి. "ఈడు పోయే నాడు నువ్వే దగ్గరుండి రైలెక్కియ్యాలె. ఒక పూట ముందుగాల్నే ఇంటికి రా, కోడిని కోస్త," అంటోంది ఆమె.

"అన్నకు పనుంటదవ్వా," అన్నాడు సదానందం.

"ఏం పని? ఉన్న పని నీ కోసం పోగొట్టుకునె గద!"

సదానందం ఫోను జేబులో పెట్టుకున్నాడు. గేటు వైపు నడిచి, చెయ్యెత్తి, రోడ్డు మీద పోతున్న ఆటోను తల్లి కోసం ఆపాడు.